కమీలియా ఆకులు రాలవా?

గుంటల్లారా,

ఫోన్లో కమీలియా పూలు చూసి మీలో ఒకరు అడిగారు: “తాతా, ఈ మొక్క ఏడాదంతా పచ్చగానే ఉంటుందట. మరి దాని ఆకులు రాలవా?”

రాలకేం! బూరుగు చెట్టులా ఒక్కసారిగా దులిపేసుకోదు, అంతే.

మా చిన్నప్పుడు మాది తాటాకిల్లు. ఏటా వానలకు ముందు నాన్న నిచ్చెన వేసుకుని పైకెక్కేవాడు. కుళ్లిన కమ్మలు మాత్రం లాగేసి, ఆ చోట కొత్తవి దోపేవాడు. కింద నుంచి కమ్మలు అందించడం నా డ్యూటీ. పాత కమ్మల్లోంచి తేళ్లు రాలేవి. అమ్మ చీపురు పట్టుకుని సిద్ధంగా నిలబడేది. ఏ ఏడూ కప్పు మొత్తం ఊడదీసింది లేదు. అయినా కొన్నేళ్లకి పాత కమ్మ ఒక్కటీ మిగిలేది కాదు. కమీలియాదీ అదే లెక్క. ఒక్కో ఆకు రెండు మూడేళ్లు ఉండి, దాని వంతు రాగానే పసుపెక్కి రాలుతుంది. ఈలోగా కొసల్లో లేతాకులు వచ్చేస్తాయి. తాటాకు దళసరిగా ఉండబట్టే వానకి ఓర్చుకునేది. కమీలియా ఆకూ దళసరే, పైన నున్నటి మెరుపు, లోపలి తడిని ఆరనివ్వదు. కాకపోతే మా ఇంటి కప్పుకి నాన్న కావాల్సొచ్చేది, చెట్టుకి ఎవరూ అక్కర్లేదు.

మన శ్రీకాకుళం ఎండలో దాన్ని పెంచడం మాత్రం కష్టమే. చైనా, జపాన్‌ల చల్లదనం దానిది. మనం రోజూ తాగే టీ మొక్క కూడా కమీలియా జాతిదే, తెలుసా? పెంచాలనే ఉంటే కుండీలో పెట్టి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు అరుగు మీద ఉంచండి. సున్నం కొట్టిన గోడ పక్కన వద్దు. దానికి కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. సున్నం తగిలితే ఆకు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే వాననీళ్లు పట్టి పోయండి. మట్టి ఎండితే మొగ్గలు రాలిపోతాయి. నిలిచిన మొగ్గ బాగా విచ్చుకోవాలన్నా చలి కావాలి, మన డిసెంబరు చలి దానికి ఏ మూలకి? పూయలేదని మొక్కని తిట్టకండి. తెచ్చేముందు మన ఊరు దానికి పడుతుందా అని అడగాల్సింది మనమే.

ఇన్ని ఆకుల్లో ఎవరి వంతు ఎప్పుడో చెట్టు ఎలా లెక్క పెట్టుకుంటుందో, ఈ వయసులోనూ నాకు ఆశ్చర్యమే. పెరట్లో పనస చెట్టుదీ ఇదే పద్ధతి. ఒకే కొమ్మ మీద ముదురాకు ఒకదానికి, లేతాకు ఒకదానికి వదులుగా దారం కట్టండి. ఏది ఏ నెలలో రాలిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాత