ఎండిన ఈస్ట్‌కు తొలి నిమిషమే గండం

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. జనవరి తెల్లవారుజామున అదే కుళాయి తిప్పితే నీళ్లు జిల్లుమంటాయి. బన్నులకు పిండి కలిపేవాళ్లం ఈ తేడాను లెక్కచెయ్యం. ఎండిన ఈస్ట్‌కు మాత్రం చావుబతుకులు అక్కడే తేలతాయి.

ప్యాకెట్‌లోని సన్నటి గోధుమరంగు రేణువులు ఒక్క గ్రాము తీసుకుంటే అందులోనే వందల కోట్ల ఈస్ట్ కణాలుంటాయి. తాజా ఈస్ట్ ముద్దలో 70 శాతం దాకా నీరే. ఫ్యాక్టరీలో ఆరబెట్టేసరికి అది 5 నుంచి 8 శాతానికి దిగిపోతుంది. అంత ఎండినా కణం బతికి ఉండటానికి ట్రెహలోజ్ అనే చక్కెర కారణం. ఎండబెట్టబోయే ముందు కణం దీన్ని పోగుచేసుకునేలా పెంచుతారు. నీరు వెళ్లిపోయిన చోట ఈ చక్కెర చేరి, కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర కుప్పకూలకుండా ఆపుతుంది.

అసలు చిక్కు మళ్లీ నీళ్లు తగిలినప్పుడు వస్తుంది. ఎండిన కణం పొర చలికి పేరుకున్న నెయ్యిలా బిగుసుకుని ఉంటుంది. చల్లటి నీళ్లు పడితే, ఒకవైపు నీరు లోపలికి దూసుకొస్తుంటే ఇంకోవైపు పొర గట్టి స్థితి నుంచి మెత్తని స్థితికి మారుతుంటుంది. ఆ మార్పు జరిగే క్షణాల్లో పొర కారుతుంది, లోపలి సరుకు బయటికి పోతుంది. అదే నీళ్లు 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే వేడికి పొర ముందే మెత్తబడుతుంది కాబట్టి ఆ కారుడు చాలా తగ్గుతుంది. అలాగని పొగలొచ్చే నీళ్లు పోస్తే 55, 60 డిగ్రీల దగ్గరే కణాలు చచ్చిపోతాయి.

కారిపోయే వాటిలో గ్లూటాథయోన్ ఒకటి. ఇది గోధుమపిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ బంధాలను తెంపుతుంది. చల్లటి నీళ్లతో ఈస్ట్ కలిపినప్పుడు పిండి జిగురుజిగురుగా జారిపోతే, నేరం మైదాది కాకపోవచ్చు.

బీరు విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ. ఇంట్లో బీరు తయారీకి లైసెన్సు అక్కర్లేదని బ్రిటన్ 1963లో చెప్పింది, అమెరికా 1978లో చట్టం చేసి ఒప్పుకుంది. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చెయ్యడం నేరం, కాబట్టి ఈ పేరా వాళ్ల వంటింటి సంగతే. వాళ్ల 11.5 గ్రాముల ప్యాకెట్ ఇరవై లీటర్ల పైచిలుకు వోర్ట్‌కు, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి తీసిన తీపి రసానికి సరిపోతుంది. ఈస్ట్ బరువుకు పదింతల గోరువెచ్చని నీళ్ల మీద దాన్ని చల్లి, పావుగంట కదపకుండా వదిలేసి, తర్వాత మెల్లగా కలుపుతారు. తొలి నిమిషాల్లో పొరకు ఏది రానివ్వాలో, ఏది ఆపాలో ఇంకా చేతకాదు. నేరుగా వోర్ట్‌లో పడితే చిక్కటి చక్కెర, బీరుకు చేదు కోసం వేసే హాప్స్ పూల చేదు దాన్ని ఇబ్బంది పెడతాయి. నానిన ఈస్ట్‌ను కూడా ఒక్కసారిగా పొయ్యరు. కొంచెం కొంచెంగా వోర్ట్ కలుపుతూ, రెంటి వేడిలో తేడా పది డిగ్రీలకు మించకుండా తెచ్చాకే పోస్తారు.

ఈ తతంగం ఎందుకు, నేరుగా చల్లెయ్యండి అని ఇప్పుడు కొన్ని కంపెనీలే చెబుతున్నాయి. ఎండబెట్టే పద్ధతులు మెరుగుపడ్డాయి, రేణువులకు సోర్బిటాన్ మోనోస్టియరేట్ అనే రక్షణ పూత కూడా ఉంటోంది. మామూలు బీరుకు అది సరిపోవచ్చు. చక్కెర బాగా చిక్కగా ఉన్న వోర్ట్‌కు మాత్రం నానబెట్టడమే మేలని నా అభిప్రాయం. బ్రెడ్డుకు వాడే ఇన్‌స్టంట్ ఈస్ట్‌ను పొడిపిండిలో కలిపేసుకోవచ్చు, భయం లేదు. పెద్ద రేణువుల యాక్టివ్ డ్రై ఈస్ట్‌ను నానబెట్టడమే మేలు. దాని రేణువుల చుట్టూ చచ్చిన కణాల పెంకు ఉంటుంది మరి.

నానబెట్టే నీళ్లు ఆర్‌ఓ ఫిల్టర్‌వి కాకుంటే మంచిది. ఖనిజాలు బొత్తిగా లేని నీళ్లు ఎండిన పొరకు పడవు. మనం తిట్టుకునే బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దీనికి సాయమే. కుళాయి నీళ్లు క్లోరిన్ వాసనేస్తే కాచి చల్లార్చుకోవాలి. ఇక ఈ ఊళ్లో ఈస్ట్ పొంగలేదంటే నేను మొదట అనుమానించేది నీళ్లను కాదు, నలభై డిగ్రీల ఎండలో అంగడి అరలో నెలల తరబడి పడున్న ప్యాకెట్‌ను. చిటికెడు చక్కెర వేసిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలైనా నురగ రాకపోతే పారెయ్యండి. తెరిచిన ప్యాకెట్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఏల్ అనే రకం బీరుకు వాడే మామూలు ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు ఇష్టం. వేడెక్కితే ఘాటైన ఆల్కహాళ్లు వదిలి రుచి పాడుచేస్తుంది. తిరుపతి వేసవి గదిలాంటి 35 డిగ్రీల వేడిలో చక్కగా పనిచేసే ఈస్ట్ కూడా ఉంది. దాని పేరు క్వైక్. పుట్టిల్లు చలిదేశమైన నార్వే! అక్కడి పల్లెల రైతులు దాన్ని చెక్క వలయాల మీద, గుడ్డల మీద ఆరబెట్టి మళ్లీ బీరు కాచేదాకా దాచుకునేవాళ్లు. వోర్ట్ పూర్తిగా చల్లారక ముందే, ఒంటి వేడి దగ్గరున్నప్పుడే వేసేవాళ్లు. తరతరాలుగా ఆ వేడికీ, ఆ ఎండుకూ తట్టుకున్నవే మిగిలాయి.