హైబ్రిడ్ టీంను (కొన్ని రోజులు ఆఫీసు నుంచి, కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసే టీంను) నడిపేవాళ్లకు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇంటి నుంచి చేస్తే పని సాగదు.
వాస్తవం: దీన్ని షాంఘైలోని ట్రావెల్ బుకింగ్ సంస్థ ట్రిప్.కామ్ గట్టిగానే పరీక్షించింది. 2021 ఆగస్టు నుంచి ఆరు నెలలు, 1,612 మందిని పుట్టినతేదీ సరిసంఖ్యా బేసిసంఖ్యా అని చూసి విడదీసి, బేసి వాళ్లకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి చేసే వీలిచ్చింది. రెండేళ్ల పాటు చూసినా అప్రైజల్స్‌లో, ప్రమోషన్లలో తేడా రాలేదు. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. అయితే ఇది వారానికి రెండు రోజుల లెక్క. పూర్తిగా ఇంటి నుంచే చేసేవాళ్లకు దీన్ని అతికించకండి.

అపోహ: నెలకు ఇన్ని రోజులు ఆఫీసుకు రావాలంటే చాలు, టీం అదే కలుస్తుంది.
వాస్తవం: కలవదు. ఎవరికి వీలైన రోజు వాళ్లొస్తే, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ హైటెక్ సిటీ చేరి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇళ్లలో ఉన్నవాళ్లతో కాల్స్ మాట్లాడి వెళ్లిపోతారు. దానికి ఇల్లే నయం. రోజులు మనిషికి కాదు, టీంకు ఖరారు చేయండి: మంగళ, గురువారాలు అనుకోండి. ప్లానింగ్, డిజైన్ చర్చలు, కొత్తవాళ్లకు పని నేర్పడం ఆ రోజుల్లో. స్టేటస్ కాల్స్, ఆన్‌లైన్ ట్రైనింగులు ఇంటి రోజుల్లో. మీకు రోజూ పని పడే టెస్టింగ్ టీం కూడా కనీసం ఒక రోజు అదే ఫ్లోర్‌లో ఉండాలి. చాలామంది వదిలేసేది ఇదే. అన్ని టీంలూ మంగళవారమే కోరితే సీట్లు చాలవు, అడ్మిన్‌తో ముందే తేల్చుకోండి.

అపోహ: కాన్ఫరెన్స్ రూములో పెద్ద స్క్రీన్ ఉంటే ఇంట్లో ఉన్నవాళ్లూ మీటింగులో ఉన్నట్టే.
వాస్తవం: రూములో ఆరుగురు, లైన్లో ఇద్దరు ఉంటే ఆ ఇద్దరూ ఉత్త శ్రోతలు. బోర్డు మీద గీసింది వాళ్లకు కనబడదు. అసలు నిర్ణయం కాల్ కట్ చేశాక టీ దగ్గర జరుగుతుంది. అందుకే రూములో ఉన్నవాళ్లు కూడా ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు చేరాలి. మాట మాత్రం రూము మైకు, రూము స్పీకర్ నుంచే. ల్యాప్‌టాప్ మైకులు మ్యూట్ చేసి స్పీకర్లు వదిలేస్తే ఆ చప్పుడును రూము మైకు పట్టేసుకుని ఎకో మొదలవుతుంది, రెండూ ఆపించండి. ప్రతి అంశం మీద ముందు లైన్లో ఉన్నవాళ్లను అడగండి. టీ దగ్గర తేలినదైనా సరే, అరగంటలో టీం చాట్‌లో పడాలి: ఏం అనుకున్నాం, ఎందుకు, ఎవరి పని, ఎప్పటికి. ‘ఎందుకు’ రాయకపోతే వారం తిరక్కుండా అదే చర్చ మళ్లీ వస్తుంది.

అపోహ: చాట్‌లో పచ్చచుక్క ఉంటే పనిచేస్తున్నట్టే.
వాస్తవం: మౌస్‌ను దానంతటదే కదిలిస్తూ ఆ చుక్క ఆరిపోకుండా చూసే మౌస్ జిగ్లర్లు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. చుక్కను కాదు, టికెట్ (సిస్టంలో నమోదైన పని) ఎన్నాళ్లుగా కదల్లేదో, చేసిన పని రివ్యూ ఎవరి దగ్గర ఆగిందో చూడండి.

అపోహ: అప్రైజల్‌లో మాకు అందరూ సమానమే.
వాస్తవం: కళ్లముందు తిరిగేవాళ్ల పనే గుర్తుంటుంది. రేటింగులు ఖరారు చేసేముందు పేర్ల పక్కన హాజరు కాలమ్ పెట్టి చూడండి. పై రేటింగులన్నీ ఎక్కువగా ఆఫీసుకొచ్చేవాళ్లకే పడి ఉంటే, ఒక్కోదానికి పూర్తయిన పనుల్లోంచి రెండు ఉదాహరణలు రాయమని మేనేజర్‌ను అడగండి. రాయలేకపోతే ఆ రేటింగ్ మార్చాల్సిందే.

అపోహ: అమెరికా కాల్ ఏ రోజు పెట్టినా ఒకటే.
వాస్తవం: న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే మనకు సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 7:30. ఆఫీసు రోజున పెడితే సగం మంది క్యాబ్‌లోంచి మాట్లాడతారు. ఇంటి రోజుకు మార్చండి. కుదరకపోతే ఆ రోజు టీంను ఉదయం పదకొండు తర్వాతే రమ్మనండి.