పూలు రాలిన ఆర్కిడ్‌ను బయట పెట్టకండి

పర్లాకిమిడి

చిట్టీ, బుజ్జీ,

ఆర్కిడ్ ఆఖరి పువ్వు కూడా రాలిపోయిందని, చిట్టి అన్నం తినకుండా పడుకుందని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. మొక్క చచ్చిపోయిందనుకుని బుజ్జి కుండీని మెట్ల దగ్గర పెట్టేశాడట. ముందు దాన్ని లోపలికి తెచ్చి, తరవాత ఈ ఉత్తరం చదవండి. మీ బడిలో నేర్పేది ఒడియా కదా, కూడబలుక్కోడానికి వీలుగా అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

మొక్క బతికే ఉంది. సంక్రాంతికి విచ్చిన పూలు ఉగాది దాటాక రాలాయి. మన మల్లెపువ్వు ఒక్క రాత్రికే వాడిపోతుంది. ఇవి రెండు నెలలు దాటి నిలిచాయి. ఇన్నాళ్లూ పూలను మోసిన మొక్క ఇప్పుడు ఆకులు, వేర్లు పెంచుకునే పనిలో పడుతుంది.

ఆకులు పచ్చగా, గట్టిగా ఉన్నాయా చూడండి. ఆ తరవాత వేర్లు చూడండి. కుండీ బయటికి పాకిన వేర్లను చూసి పురుగుల్లా ఉన్నాయని కత్తిరించేరు సుమా! అవి గాల్లో బతికే వేర్లు. మీ మొక్క పేరు ఫాలినాప్సిస్. దాని జాతి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు అడవుల్లో చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరుగుతుంది. మన తూర్పు కనుమల్లోనూ ఆర్కిడ్లు ఉన్నాయి. ఒక రకం పూలగుత్తులు నక్కతోకల్లా కొమ్మల నుంచి వేలాడతాయి. చెట్టు మీద పెరిగే ప్రతి మొక్కనూ మనవాళ్లు బదనిక అనేస్తారు గానీ, బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ అలా పీల్చదు. చెట్టును ఆసరాగా పట్టుకుంటుందంతే. వాన నీరు, గాలిలోని తేమ, బెరడు సందుల్లో కుళ్లిన ఆకులు దానికి చాలు. ఆ వేరు చుట్టూ స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఎండితే వెండిరంగులో కనిపిస్తుంది. తడిస్తే లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఎప్పుడు నీళ్లు పోయాలో ఆ రంగే చెబుతుంది: వెండిరంగుకి వస్తే పోయండి, పచ్చగా ఉంటే ఆగండి.

నా మొదటి ఆర్కిడ్‌ను నేనే పోగొట్టుకున్నాను. పెరటి మట్టి, పశువుల ఎరువు కలిపి నాటి, రోజూ చెంబుడు నీళ్లు పోశాను. వేర్లకు గాలి ఆడక నెలలోపే కుళ్లిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక పూలకాడ సంగతి. అది ఎండి గోధుమరంగుకి వస్తే మొదలంటా కోసేయండి. పచ్చగా ఉంటే కింది నుంచి రెండో కణుపుకి కాస్త పైన కోయొచ్చు. ఆ కణుపు నుంచి ఇంకో కొమ్మ వచ్చి రెండు మూడు నెలల్లో మళ్లీ పూయొచ్చు. కానీ మీ మొక్కకు మూడే ఆకులున్నాయని అమ్మ చెప్పింది. అలాంటప్పుడు మొదలంటా తీసేయడమే మేలని నా అభిప్రాయం. మళ్లీ పూయించి దాన్ని అలసిపోనివ్వకండి. కత్తెరను అమ్మ చేత మంట మీద కాల్పించి, చల్లారాక వాడండి. ఎదురింటి అత్త దగ్గరున్న డెండ్రోబియం అనే ఇంకో రకం ఆర్కిడ్ సంగతి వేరు. చెరుకు గడల్లాంటి దాని కాడలు నీరు, తిండి దాచుకుని ఉంటాయి. పూలు రాలాయని వాటిని కోయొద్దని ఆవిడకి చెప్పండి.

కుండీ మార్చడానికి ఇదే అదను. మొక్కను మెల్లగా బయటికి తీయండి. నొక్కితే మెత్తగా, బోలుగా ఉన్న వేర్లు తీసేయండి, గట్టివి ఉంచండి. కట్టెబొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు వేసి నాటండి. మట్టి వద్దు. నాటాక నాలుగైదు రోజులు నీళ్లు పోయకుండా ఆగండి. తరవాత కుండీని పది నిమిషాలు నీళ్లలో ఉంచి తీసి, నీళ్లన్నీ కారిపోనివ్వండి. ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే గుడ్డకొసతో అద్దేయండి. అక్కడ కుళ్లు పడితే మొక్క దక్కడం కష్టం.

భువనేశ్వర్ ఎండలు తెలిసినవేగా. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి లేత ఎండ తగిలేలా పెట్టండి, మధ్యాహ్నపు ఎండ తగలనీయకండి. కొత్త ఆకు కనిపించాక, రెండు వారాలకోసారి లీటరు నీళ్లలో చిటికెడు 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కలిపి పోస్తే చాలు.

పూలకాడ చలికాలంలో వస్తుంది. రాత్రిళ్లు 18 డిగ్రీల దాకా చల్లబడితే మొక్కకు అదే కబురు. ఆకుల సందు నుంచి ఏదో పొడుచుకొస్తుంది. వేరైతే కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పూలకాడైతే కాస్త చదునుగా, చిలక ముక్కులా మొనదేలి పైకి లేస్తుంది. ఎవరు ముందు చూస్తారో చూద్దాం.

పై వారం మావయ్య గుణుపురం రైల్లో వస్తున్నాడు. ఇస్త్రీ బండి అబ్బాయి దగ్గర కొన్న బొగ్గులు, ఉద్దానం కొబ్బరి డొక్కలు సంచిలో కట్టి పంపిస్తున్నాను. డొక్కలు చిన్న ముక్కలుగా కోయించి, ఒక రోజంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోశాకే వాడండి. అంతవరకూ కుండీ మార్చకండి. వేర్ల ఫోటో ఈలోపు పంపించండి.

మీ
నాన్నమ్మ