పిల్లికి తోడు మరో పిల్లేనా?

మా ఇంట్లో అక్కచెల్లెళ్ళైన రెండు పిల్లులు 12 ఏళ్ళు కలిసి బతికాయి. చెల్లెలు కిడ్నీ జబ్బుతో పోయింది. ఆ తర్వాత పది రోజులు అక్క గది గదికీ తిరిగింది. మంచం కిందకి దూరి చూసేది, చెల్లెలు పడుకునే బుట్ట దగ్గరకు వెళ్ళి వాసన పీల్చి వచ్చేది. కాలుగాలిన పిల్లి అని మనుషులను అంటుంటాం గానీ, ఆ తిరుగుడు ఎలా ఉంటుందో నేను చూసింది అప్పుడే. రాత్రిళ్ళు ఒకటే అరుపులు. ఇంట్లో అందరం ఒకే మాట అనుకున్నాం: పాపం, ఒంటరిదైపోయింది, ఇంకో పిల్లిని తెచ్చేద్దాం.

ప్రేమతో అనుకున్న మాటే అది. అయినా తెచ్చే ముందు, పిల్లుల ప్రవర్తన గురించి శాస్త్రవేత్తలు ఏం కనుక్కున్నారో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా ప్రశ్నే మారిపోయింది. 'దీనికి తోడు కావాలా' అన్నది కాస్తా 'దీనికి లేనిదేమిటి' అయింది.

మనిషి గుంపులో బతికే జీవి. కుక్కా అంతే. పిల్లి పుట్టుక వేరు. ఇళ్ళలో పెరిగే పిల్లులన్నీ పశ్చిమాసియా అడవిపిల్లి సంతతేనని 2007లో శాస్త్రవేత్త కార్లోస్ డ్రిస్కల్ బృందం జన్యువులను పోల్చి తేల్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది, అందులో మనిషి పక్కనే పిల్లినీ పాతిపెట్టారు. అంటే మనతో దాని పరిచయం పాతదే. కానీ ఆ అడవిపిల్లి మాత్రం ఒంటరిగా వేటాడే జీవి. కారణం దాని తిండిలోనే ఉంది. సింహాలు పెద్ద జంతువును పడగొడితే పదింటికి సరిపోతుంది. ఎలుకను పట్టిన పిల్లికి అది ఒక పూటకే చాలదు, ఇక పంచేదేముంది? రోజుకు పది పన్నెండు సార్లు ఇలా చిన్న చిన్న వేటలతో పొట్ట నింపుకోవాలి. అలాంటి జీవికి తన ప్రాంతంలో కనిపించే కొత్త పిల్లి తోడుగా అనిపించదు, తన ఎలుకల్లో వాటాకు వచ్చినట్టు అనిపిస్తుంది.

అలాగని పిల్లికి స్నేహం తెలియదనుకుంటే అదీ పొరపాటే. తిండి ఒకేచోట పుష్కలంగా దొరికితే పిల్లులు గుంపుగా స్థిరపడతాయి. పశువుల పాకల దగ్గర, చేపల రేవుల దగ్గర ఇలాంటి గుంపులను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. గుంపుకు ఆయువుపట్టు ఆడపిల్లులే. తల్లి, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు, పిన్నమ్మలు ఉంటారు. ఒకదాని కూనలకు మరొకటి పాలిస్తుంది, ఒకదాని తల మరొకటి నాకుతుంది, ఎదురుపడితే తోక నిటారుగా లేపి దగ్గరకొస్తాయి. ఆ లేచిన తోక స్నేహానికి గుర్తని 1990లలో బ్రిటన్‌లో ఒక చక్కని ప్రయోగంతో చూపించారు. పిల్లి ఆకారంలో నల్లటి బొమ్మలు కత్తిరించి గోడకు అంటించారు. తోక లేపి ఉన్న బొమ్మ కనబడితే ఇంటి పిల్లులు తమ తోకలూ లేపి త్వరగా దగ్గరకు వెళ్ళాయి, తోక దించి ఉన్న బొమ్మ దగ్గర సందేహించాయి. ఇంత స్నేహం తెలిసిన ఆ గుంపే బయటి పిల్లి వస్తే తరిమికొడుతుంది. పిల్లి స్నేహం చాలావరకు చుట్టరికం లాంటిది. పుట్టుకతో వస్తుంది, లేదా నిదానంగా కలుస్తుంది. పరాయి పిల్లిని తెచ్చి ముందు కూర్చోబెడితే రాదు.

ఎవరు తనవాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో పిల్లి ముక్కుతో తేల్చుకుంటుంది. బుగ్గలను, నుదుటిని మన కాళ్ళకు, సోఫా మూలలకు, తోటి పిల్లులకు రుద్దినప్పుడల్లా అక్కడి గ్రంథుల వాసన అంటుతుంది. అందరూ అందరికీ రుద్దుకోగా ఇంటికంతటికీ ఒక ఉమ్మడి వాసన తయారవుతుంది. ఆ వాసన ఉన్నవాళ్ళు మనవాళ్ళు. ఇది ఎంత గట్టి లెక్కో ఓసారి మా ఇంట్లోనే తెలిసొచ్చింది. చెల్లెలిని పళ్ళ ఆపరేషన్‌కి ఆసుపత్రికి తీసుకెళ్ళి సాయంత్రం ఇంటికి తెచ్చాం. బుట్ట తలుపు తీశానో లేదో అక్క ముందుకొచ్చి వాసన చూసింది, అంతే, వీపు విల్లులా వంచి, ఒళ్ళంతా బొచ్చు లేపి, బుస కొట్టింది. పొద్దున దాకా ఒకే దుప్పటిలో పడుకున్నవి! ముఖం అదే, అరుపు అదే, కానీ ఒంటి మీద ఉన్నది మందుల వాసన. రెండిటినీ వేరు వేరు గదుల్లో పెట్టి, వాళ్ళ పాత దుప్పటితో చెల్లెలిని మాటిమాటికీ తుడిచాం. మూడో రోజుకు గానీ అక్క దాన్ని చెల్లెలిగా ఒప్పుకోలేదు. సొంత చెల్లెలి విషయంలోనే ఇంత ఉంటే, ఊరూ పేరూ తెలియని పిల్లి సంగతి ఊహించుకోవచ్చు.

అసలు మన పిల్లి ఒంటరితనంతో ఉందని ఎలా చెబుతాం? రోజంతా పడుకుంటోంది అంటారు చాలామంది. పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు పడుకోవడం మామూలే, అది దిగులు కాదు. రాత్రిళ్ళు అరవడం, ఒకేచోట బొచ్చు ఊడేదాకా నాక్కోవడం, తిండి తగ్గించడం, మలమూత్రాలకు పెట్టిన ట్రే వదిలేసి బయట మూత్రం పోయడం లాంటివి కనిపిస్తే మాత్రం ముందు వెళ్ళాల్సింది పశువైద్యుడి దగ్గరకు. ముసలి పిల్లి రాత్రి అరుపుల వెనక థైరాయిడ్, బీపీ, కీళ్ళనొప్పులు ఉండవచ్చు. మగపిల్లి పదే పదే ముక్కుతూ మూత్రం రాక ఇబ్బంది పడుతుంటే ఒక్క గంట కూడా ఆగకూడదు, దారి మూసుకుపోతే ప్రాణం మీదకు వస్తుంది. రోగానికి మందు వేయకుండా పక్కన ఇంకో పిల్లిని పెడితే ఉన్న జబ్బుకు టెన్షన్ తోడవుతుంది, అంతే.

జబ్బు లేదని తేలాక చూడాల్సింది వేట. ఇంట్లో పెరిగే పిల్లికి గిన్నెలో తిండి దొరుకుతుంది గానీ, పొంచి ఉండటం, వెంటాడటం, పట్టుకోవడం అన్నవి దాని రోజులోంచి మాయమైపోయాయి. మనం ఒంటరితనం అనుకునేది చాలాసార్లు ఈ ఖాళీయే. 2021లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు బయట తిరిగే పిల్లుల మీద ఒక ప్రయోగం చేశారు. యజమానులు రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఈక కట్టిన కర్రతో ఆడిస్తే, అవి వేటాడి ఇంటికి తెచ్చే జంతువుల సంఖ్య 25 శాతం తగ్గింది. అంత కొద్దిసేపు ఆట కూడా వేట కోరికను అంతో ఇంతో తీరుస్తోందన్నమాట. అందుకే ఇంకో పిల్లి మాట ఎత్తే ముందు మూడు వారాలు ఇది చేసి చూడమంటాను. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఆడించాలి. ఈకను పిల్లి మూతి ముందు ఊపకూడదు. ఏ ఎలుకా పిల్లి వైపు పరిగెత్తదు కదా. కర్టెన్ చాటుకు, కుర్చీ కిందకు, దాక్కుంటూ పారిపోవాలి ఆ ఈక. చివర్లో ఒకసారి దొరకనిచ్చి, వెంటనే కాస్త తిండి పెట్టాలి. చాలా ఇళ్ళలో 'ఒంటరి పిల్లి' ఇక్కడే సగం కుదుటపడుతుంది.

మరి మన మీద బెంగ సంగతో? 2019లో అమెరికాలోని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, యజమాని కాసేపు గది వదిలి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు పిల్లులు ఎలా ఉంటాయో చూసి, సుమారు 65 శాతం పిల్లులకు యజమానితో భరోసా నిండిన అనుబంధం ఉందని చెప్పారు. అంతకు ముందు, 2015లో, బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం అధ్యయనం అలాంటి ఆధారం దొరకలేదంది. వాదన తెగకపోయినా, మన కోసం ఎదురుచూసే పిల్లికి కావాల్సింది మనమే అయితే, కొత్త పిల్లి ఆ లోటు తీర్చకపోగా మన ఒళ్ళో చోటుకు పోటీ అవుతుంది.

ఇన్ని చెప్పాక కూడా, కొన్ని పిల్లులకు తోడు నిజంగా మంచిది. అందరికంటే ముందు కూనలు. తోటి పిల్లులంటే ఏమిటో నేర్చుకునే వయసు రెండో వారం నుంచి ఏడో వారం దాకా. మనుషులకు మచ్చిక అయ్యే వయసూ అదేనని అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు ఐలీన్ కార్ష్ 1980లలో చూపించారు. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో తోబుట్టువులతో కుస్తీ పట్టిన కూనకు తెలుస్తుంది. ఒంటరిగా పెరిగిన కూన ఆ పాఠం మన చేతుల మీద నేర్చుకుంటుంది. కాబట్టి కూనను తెచ్చుకునేవాళ్ళు ఒకే ఈతలోని రెండిటిని తెచ్చుకోగలిగితే అంతకంటే మంచి దారి లేదు. ఇదివరకు వేరే పిల్లులతో సఖ్యంగా బతికిన చిన్న వయసు పిల్లికీ ఆశ ఉంది. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఇల్లేలిన పిల్లికి కష్టం. ముసలి పిల్లి కోసం కూనను తేవడం మాత్రం వద్దని నా గట్టి అభిప్రాయం. కీళ్ళు నొప్పులతో పడుకున్న ప్రాణి మీదకు రోజుకు ముప్పైసార్లు దూకే చిచ్చరపిడుగును వదిలినట్టే. ఆడా మగా అన్నది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పిల్లుల్లో పెద్ద తేడా చూపదు. వయసు, హుషారు కలవడమే ముఖ్యం.

కొత్త పిల్లి వచ్చిన ఇళ్ళ మీద 2005లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన అధ్యయనంలో, దాదాపు సగం ఇళ్ళలో మొదట్లో రక్కడం, కరవడం జరిగింది. మొదటి కలయికే చెడితే ఆ తర్వాతా పోట్లాటలు సాగే అవకాశం ఎక్కువని కూడా తేలింది. 'వదిలేయండి, వాటంతట అవే తేల్చుకుంటాయి' అన్న సలహా ఎందుకు ప్రమాదమో ఇందులోనే ఉంది. మొదటి పరిచయం వాసనతో జరగాలి. కొత్తదాన్ని సొంత ట్రే, గిన్నెలు, పడకతో ఒక గదిలో పెట్టి తలుపు మూసేయాలి. పిల్లుల ల్యుకేమియా వైరస్ ఎంగిలి ద్వారా అంటుకుంటుంది, ఆ పరీక్షలు, టీకాలు పూర్తయ్యేదాకా ఆ తలుపు ఎలాగూ తీయకూడదు. ఒక మెత్తటి గుడ్డతో కొత్తదాని బుగ్గలు తుడిచి పాతదాని తిండి గిన్నె పక్కన, పాతదాని బుగ్గలు తుడిచిన గుడ్డ కొత్తదాని పక్కన పెట్టాలి. బుస కొట్టకుండా తిన్నాక, మూసిన తలుపుకు చెరోవైపు తిండి పెట్టాలి. ఆ తర్వాతే చిన్న సందు, ఆ తర్వాత కొద్ది నిమిషాలు ఎదురెదురుగా. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇంతా చేశాక, పోట్లాటలు లేవు కాబట్టి కలిసిపోయాయి అనుకోకూడదు. పిల్లుల వైరం చాలావరకు చాప కింద నీరు. ఒకటి ట్రే ఉన్న గది గుమ్మంలో తాపీగా పడుకుని ఉంటుంది. చూసేవాళ్ళకు ముద్దుగానే ఉంటుంది. రెండోది మలుపు దాకా వచ్చి, దాని కళ్ళు చూసి, ఆగి, వెనక్కి తిరిగిపోతుంది. శబ్దం లేదు, రక్తం లేదు, కానీ ఆ పిల్లి మూత్రం ఆపుకుంది. ఇలాంటి ఒత్తిడి మూత్రాశయం వాపుకు ముఖ్య కారణాల్లో ఒకటి. అందుకే పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ట్రేలు పెట్టమంటారు, అదీ వేరు వేరు చోట్ల. ఆటకూ పోట్లాటకూ తేడా కూడా తెలుసుకోవాలి. 2023లో స్లొవేకియా పరిశోధకుల ఆధ్వర్యంలో 105 వీడియోలు పరిశీలించిన అధ్యయనంలో, చప్పుడు లేకుండా ఒకదాని మీద ఒకటి దొర్లే కుస్తీ ఆటకు గుర్తని, అరుపులు, ఒక పిల్లి తరుముతుంటే రెండోది పారిపోవడం వైరానికి గుర్తని తేలింది.

మా అక్క పిల్లి విషయానికొస్తే, 2024లో అమెరికాలో 400 మందికి పైగా పెంపకందార్లను అడిగి చేసిన అధ్యయనం చదివాను. తోటి జంతువు పోయాక పిల్లులు తక్కువ తినడం, తక్కువ ఆడటం, మనిషి వెంట ఎక్కువ తిరగడం వాళ్ళు గమనించారు. మేం చూసిందీ అదే. దాని వెతుకులాట చెల్లెలి కోసం, ఏ పిల్లి కోసమో కాదు. పైగా 12 ఏళ్ళు దాటింది, వెనక కాళ్ళు పట్టేస్తున్నాయి. డాక్టరుకు చూపించి నొప్పికి మందు మొదలుపెట్టాం. చెల్లెలు పడుకున్న బుట్టను ఉతకకుండా అలాగే ఉంచాం. రాత్రి తొమ్మిదికి ఈకల కర్ర తీస్తున్నాం. మొదటి వారం కళ్ళతో చూసి ఊరుకుంది. నాలుగో వారంలో ఒక రాత్రి, కర్టెన్ వెనక ఈక కదలగానే చెవులు ముందుకు వంచి, నేలకు అతుక్కుని, వెనక భాగం అటూ ఇటూ ఊపి దూకింది. ఆ రాత్రి అరవలేదు. కొత్త పిల్లిని తీసుకురాలేదు.