ఆర్డర్ వచ్చింది సరే, అందులో పిల్లల పేర్లున్నాయా?

నా దగ్గరికి వచ్చిన ఒకామె, భర్త మీద పెట్టిన గృహహింస కేసులో వచ్చిన కోర్టు ఆర్డర్‌కు లామినేషన్ చేయించుకుంది. చీరల షాపు కవర్లోంచి జాగ్రత్తగా తీసి నా టేబుల్ మీద పెట్టింది. "ఇది చూపిచ్చినా బళ్లో వాళ్లు వినలేదు మేడమ్. సాయంత్రం గంట కొట్టకముందే ఆయప్ప వచ్చి పిల్లోణ్ని బండి మీద ఎక్కిచ్చుకోని పోయినాడు" అంది.

చదివాను. ఆమెను కొట్టకూడదు, ఫోన్ చేయకూడదు, ఉంటున్న ఇంటికీ పనిచేసే చోటికీ రాకూడదు. అన్నీ ఉన్నాయి. ఏడేళ్ల పిల్లాడి ఊసు మాత్రం ఎక్కడా లేదు. "తండ్రే కదమ్మా, ఇందులో బాబు గురించి ఏమీ రాయలేదే" అని బడివాళ్లు అన్నారట. తప్పు పట్టడానికి లేదు, వాళ్లు సరిగ్గానే చదివారు.

అనంతపురం కోర్టుల్లో వకీలుగా డీవీసీ (గృహహింస) కేసులు చేసే నాకు ఇలాంటి కాగితం కొత్త కాదు. రక్షణ ఉత్తర్వు వస్తే పిల్లలకూ వచ్చేసినట్టే అనుకోవడం పెద్ద అపోహ. ఆర్డర్‌లో ఏం రాసి ఉంటే అదే ఆర్డర్. 2005 నాటి గృహహింస చట్టంలో 18వ సెక్షన్ మీ రక్షణ గురించి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, తండ్రి ఎప్పుడు ఎక్కడ చూడాలి అన్నది 21వ సెక్షన్. ఆ రెండోదాన్ని పిటిషన్‌లో విడిగా అడగాలి. అడగనిది మేజిస్ట్రేట్ తనంతట తాను ఇస్తారని కూర్చోకూడదు.

మరి ఎందుకు అడగరు? మరిచిపోయి కాదు, భయపడి. "పిల్లల మాట ఎత్తితే ఆయప్ప కూడా అడుగుతాడు మేడమ్, మనమే గుర్తు చేసినట్టయితాది" అంటారు. చుట్టుపక్కల వాళ్లు తలా ఒక మాట వేస్తారు: సంపాదన లేనిదానికి పిల్లల్ని ఇయ్యరని, మగపిల్లోడికి ఐదేళ్లు నిండితే తండ్రికేనని, ఇల్లు దాటినామె హక్కు పోగొట్టుకున్నట్టేనని. అరుగు మీద కూర్చుని ఈ తీర్పులు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నమ్మి వణికిపోయే ఆడపిల్లను మాత్రం ఒక్క మాట కూడా అనబుద్ధి కాదు. ఆమెకు పోయేది ఆస్తి కాదు, బిడ్డ.

సంపాదన లేకపోవడం అడ్డు కాదు. పిల్లల ఖర్చు కూడా ఇప్పించమని ఇదే కేసులో 20వ సెక్షన్ కింద అడగవచ్చు. ఐదేళ్ల మాట 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నది దాని అర్థం. ఐదో పుట్టినరోజుకు తండ్రికి అప్పగించాలని కాదు. ఆ తర్వాత కూడా కోర్టు చూసేది బిడ్డ మేలునే.

నిజం చెప్పాలంటే, పిల్లల ఊసు లేని ఇలాంటి పిటిషన్ నేనూ ఒకటి రాశాను. జూనియర్‌గా ఉన్న రోజులవి. క్లయింట్ వద్దంది, నేను సరేనన్నాను. నెల తిరక్కుండానే పాపను జేజి ఇంటికని తీసుకెళ్లి బెంగళూరులో పెట్టారు. ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు. వాయిదా రోజు కోర్టు వరండాలో పాప చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఏ క్లయింట్ వద్దన్నా నేను వినడం మానేశాను.

ఏం రాయించాలి? పిల్లల పేర్లు, వయసు, బడి పేరు. బిడ్డ కళ్లారా చూసినవి తేదీలతో సహా. "బిడ్డను కొట్టలేదు కదా" అని అవతలి వకీలు అంటాడు. బండి చప్పుడు వినగానే మంచం కిందికి దూరే పిల్లాడి సంగతి మీరు రాయకపోతే మేజిస్ట్రేట్‌కు ఎలా తెలుస్తుంది? తండ్రి చూడటం బిడ్డకు హాని అని కోర్టు అనుకుంటే, చూడటానికి ఒప్పుకోకూడదని 21వ సెక్షనే చెబుతోంది. అంత ప్రమాదం లేకపోతే ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరి సమక్షంలో అన్నది అడగండి. బస్టాండ్‌లో అప్పగింతలు మాత్రం ఒప్పుకోవద్దు. బడి దగ్గరికి రాకూడదన్న మాట 18 కింది రక్షణ ఉత్తర్వులోనే రాయించుకోవడం మేలు. ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా అనే 31వ సెక్షన్ శిక్ష రక్షణ ఉత్తర్వు మీరినందుకే.

మొదట అడగలేదా? టెన్షన్ పడకండి. కేసు నడుస్తున్న ఏ దశలోనైనా అడగవచ్చు. ఆగే వీలు లేకపోతే 23 కింద మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. కాకపోతే 21 కింద వచ్చేది తాత్కాలిక కస్టడీయే. శాశ్వతంగా తేల్చుకోవాలంటే వేరే కేసు వేసుకోవాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పెద్దమనుషులు స్టాంపు పేపర్ మీద రాయించింది కోర్టు ఆర్డర్ కాదు. మీరు ఒకసారి ఫోన్ ఎత్తినంత మాత్రాన ఆర్డర్ రద్దు కాదు. కాపురం బెంగళూరులో అయినా ఇప్పుడు కదిరిలో పుట్టింట్లో ఉంటే కేసు కదిరిలోనే వేయవచ్చు. ఫీజుకు డబ్బు లేదని ఆగొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, నంబరు 15100. ఇంకొకటి, ఇది కొందరికి నచ్చదు: కోర్టు తండ్రికి ఆదివారం చూసే వీలిచ్చాక మీ అంతట మీరు పంపడం మానేస్తే దెబ్బ మీకే. భయముంటే మార్చమని పిటిషన్ వేయండి.

లామినేషన్ ఆమె కేసులో 21 కింద మధ్యంతర పిటిషన్ వేశాం. పిల్లాడు తిరిగొచ్చాడు, తండ్రి చూసే వేళలు కూడా ఖరారయ్యాయి. ఈసారి ఆర్డర్‌కు లామినేషన్ వద్దన్నాను. జిరాక్స్ ఒకటి హెడ్‌మాస్టర్‌కిచ్చి, అందినట్టు మన కాపీ మీద సంతకం పెట్టించుకోమన్నాను. ప్లాస్టిక్ మీద ఇంకు నిలవదు.