టార్‌బాల్ నుంచి రిపాజిటరీ దాకా: కోడ్ చరిత్ర అందరికీ అందిన క్రమం

2024 మార్చి నెలాఖరులో ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు, తన యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్కు మీదుగా భద్రంగా లాగిన్ చేయించే సాధనం) ద్వారా లాగిన్ కావడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. కారణం వెతుక్కుంటూ వెళ్లి, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనంలో ఎవరో దాచిపెట్టిన దొంగదారిని పట్టుకున్నారు. దాన్ని దాచిన తీరు గమనించదగ్గది. హానికర భాగం పరీక్ష ఫైళ్ల వేషంలో బహిరంగ రిపాజిటరీలోనే (కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ ఉంచే భాండారం) ఉన్నా, దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు మాత్రం అక్కడ లేదు, 5.6.0, 5.6.1 విడుదలల కోసం కట్టిన టార్‌బాల్‌లో, అంటే కోడ్ ఫైళ్లన్నీ మూటగట్టిన ఒకే ఫైలులో, మాత్రమే ఉంది. రిపాజిటరీ చదివేవారి కంటికి అది కనబడదు, టార్‌బాల్ దించుకునేవారు దాన్ని విప్పి చదవరు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనిపించడమేనని అనుకుంటాం గానీ, అది ఏ రూపంలో, ఎవరి సర్వర్ నుంచి, ఎంత చరిత్రతో కనిపిస్తోందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

1985లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ ఈమ్యాక్స్ ఎడిటర్‌ను 150 డాలర్లకు టేపు మీద పంపేవారు. నెట్‌వర్కు అందుబాటులో ఉన్నవారు ఎఫ్‌టీపీ ద్వారా ఉచితంగా దించుకునేవారు. రెండు దారుల్లోనూ అందేది పూర్తయిన కోడే. ఏ వరుస ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్న వివరాలు లోపలివారి దగ్గరే ఉండిపోయేవి. ఆ వివరాలను నమోదుచేసే సాధనాలు ఆ రోజుల్లోనే ఉన్నాయి: 1972లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్‌సీసీఎస్, 1982 నాటి ఆర్‌సీఎస్, 1986లో డిక్ గ్రూన్ విడుదల చేసిన సీవీఎస్. అయితే ఇవి పనిచేసే బృందానికి ఉద్దేశించినవి. రిపాజిటరీలోకి రావాలంటే ఆ యంత్రంలో ఖాతా ఉండాలి, ఖాతా ఇవ్వడం నిర్వాహకుల ఇష్టం.

ఈ గోడలో మొదటి తలుపు ఒక తగవు తర్వాత తెరుచుకుంది. నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన థియో డి రాడ్ట్‌ను 1994 డిసెంబరులో ఆ ప్రాజెక్టు కోర్ బృందం నుంచి తప్పుకోమన్నారు. దాంతో పాటే రిపాజిటరీలోకి ఆయనకున్న ప్రవేశమూ పోయింది. తాను రాసిన కోడ్‌కు కూడా ఆయన బయటివాడయ్యారు. 1995 అక్టోబరులో ఆయన ఓపెన్‌బీఎస్‌డీని మొదలుపెట్టినప్పుడు, చక్ క్రేనర్ సాయంతో ఎవరైనా, ఏ ఖాతా లేకుండా, మొత్తం రిపాజిటరీని చదువుకోగలిగే అనామక సీవీఎస్ సర్వర్‌ను ఏర్పాటు చేశారు. రాసే హక్కు కొద్దిమందికి, చదివే హక్కు అందరికీ అనే విభజన ఈనాడు మనకు సహజంగా అనిపిస్తుంది గానీ, అప్పటికి అది కొత్త. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ మలుపు ఇదే, ఎందుకంటే ఏ లైసెన్సూ అడగని దాన్ని ఒక ప్రాజెక్టు తనంతట తాను ఇచ్చింది.

1999 నవంబరులో వీఏ లైనక్స్ సంస్థ తెచ్చిన సోర్స్‌ఫోర్జ్, ఈ సౌకర్యాన్ని సొంత సర్వర్ పెట్టుకునే స్తోమత లేని చిన్న ప్రాజెక్టులకూ ఉచితంగా అందించింది. అప్పట్లో వాడినవారికి ఆ తంతు గుర్తుండే ఉంటుంది: యూజర్ పేరుగా అనానిమస్ అని ఇచ్చి, పాస్‌వర్డ్ అడిగినచోట ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే చాలు, చెక్‌అవుట్ (ఫైళ్లను దించుకోవడం) మొదలయ్యేది. అయితే వచ్చేది ఆ రోజు నాటి ఫైళ్లే. పాత మార్పు చూడాలన్న ప్రతిసారీ మళ్లీ సర్వర్‌నే అడగాలి. సర్వర్ ఆగితే చరిత్రా ఆగినట్టే.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కథ ఇంకా విచిత్రం. 2002లో దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, కోడ్ చరిత్రను నమోదుచేసేందుకు బిట్‌మూవర్ సంస్థ తయారుచేసిన బిట్‌కీపర్ అనే సాధనానికి మారారు. కోడ్ స్వేచ్ఛాయుతం, దాని చరిత్ర దాగిన పెట్టె మాత్రం యాజమాన్య సాఫ్ట్‌వేర్. ఉచితంగా వాడుకునేవారు దానికి పోటీ సాధనం తయారు చేయకూడదన్న షరతు కూడా ఉండేది. ఆ షరతును ఒప్పుకోలేని డెవలపర్లు తాము రాసిన కెర్నెల్ చరిత్రను పూర్తిగా చూడలేకపోయారు. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ బిట్‌కీపర్ వాడకుండానే ఆ చరిత్రను తీసుకునే ప్రోగ్రాం రాశారు. బిట్‌కీపర్ సర్వర్‌కు టెల్నెట్ అనే మామూలు సాధనంతో కనెక్టై హెల్ప్ అని టైపుచేస్తే, అదే ఏయే ఆదేశాలున్నాయో చెబుతుందని 2005 ఏప్రిల్‌లో కాన్‌బెర్రాలో జరిగిన సభలో అందరి ముందూ చూపించారు. అప్పటికే బిట్‌మూవర్ ఉచిత వాడకాన్ని ఉపసంహరించుకుంటున్నట్లు ప్రకటించింది. ఏప్రిల్ 3న టోర్వాల్డ్స్ దాని స్థానంలో గిట్ అనే సాధనాన్ని రాయడం మొదలుపెట్టారు. 7వ తేదీకల్లా గిట్ తన కోడ్‌ను తనలోనే దాచుకునే స్థాయికి చేరింది.

గిట్‌లో బహిరంగ రిపాజిటరీని క్లోన్ చేస్తే, అంటే నకలు తెచ్చుకుంటే, మొదటి కమిట్ (నమోదైన ఒక్కో మార్పు) నుంచి నేటి దాకా చరిత్రంతా మన డిస్కులోకి వస్తుంది. చదవడానికి అనుమతి అక్కర్లేదు, ఒకసారి తెచ్చుకున్నాక నెట్ కూడా అక్కర్లేదు.

ఇంత జరిగినా లైసెన్సుల మాట మారలేదు. మార్పులు చేయడానికి అనువైన రూపంలో సోర్స్ ఇవ్వాలని జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు అంటుంది, అదీ ముఖ్యంగా ప్రోగ్రాం అందుకున్నవారికి. రిపాజిటరీ ఊసు అందులో లేదు. 2011 నాటికి, లైనక్స్‌ను వ్యాపార సంస్థలకు అమ్మే రెడ్ హ్యాట్, అంతకుముందు వరకూ విడివిడి ప్యాచ్‌లుగా ఇచ్చే కెర్నెల్ మార్పులను ముందే కలిపేసి ఒకే టార్‌బాల్‌గా ఇవ్వసాగింది. కోడ్ అంతా ఉంది, ఏ మార్పు ఎందుకు చేశారో మాత్రం తెలియదు. 2023 జూన్‌లో తాను అమ్మే లైనక్స్ అయిన ఆర్‌హెచ్‌ఈఎల్ సోర్స్‌ను బహిరంగ రిపాజిటరీలో పెట్టడం ఆపి, బయటివారికి దాని ముందస్తు రూపమైన సెంట్‌ఓఎస్ స్ట్రీమ్‌ను చూపించింది. ఖర్చుపెట్టి చేసిన పనిని ఇతరులు యథాతథంగా నకలు తీసి అమ్ముకుంటున్నారన్న దాని వాదనలో బలం లేకపోలేదు. కానీ కోడ్‌ను బాగుచేయాలనుకునే బయటి మనిషికి కావలసింది ఆ చరిత్రే.

2008లో వచ్చిన, గిట్ రిపాజిటరీలకు చోటిచ్చే గిట్‌హబ్ సైటు, గిట్ చెదరగొట్టిన దాన్ని మళ్లీ ఒకచోటికి చేర్చింది. 2014 డిసెంబరులో భారత ప్రభుత్వం నిరోధించిన 32 చిరునామాల జాబితాలో గిట్‌హబ్, సోర్స్‌ఫోర్జ్‌లకు చెందినవీ ఉన్నాయి. అలాంటిదే అయిన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థ, బహిరంగ రిపాజిటరీలన్నింటినీ చరిత్రతో సహా భద్రపరిచేందుకు సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌ను ప్రకటించింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తన ప్రాజెక్టులను సొంత గిట్‌ల్యాబ్ సర్వర్ మీద ఉంచుకోవడాన్నీ ఈ వరుసలోనే చూడాలి.

ఎక్స్‌జెడ్ దొంగదారి బయటపడగానే గిట్‌హబ్ ఆ రిపాజిటరీని నిలిపివేసింది. ఏ కమిట్‌లో ఏం చొప్పించారో ప్రపంచమంతా వెతకాల్సిన రోజుల్లోనే ఆ పేజీలు తెరుచుకోలేదు. పరిశోధకులు ప్రధాన నిర్వాహకుడి సొంత సర్వర్‌లో ఉన్న ప్రతినీ, అంతకుముందే తమ డిస్కుల్లోకి తెచ్చుకున్న క్లోన్‌లనూ ముందేసుకుని ఆ కమిట్‌లను ఒక్కొక్కటిగా చదివారు.