జూలై ఎండని జనవరికి దాచుకోవచ్చా?

కెనడాలో కాల్గరీకి దక్షిణంగా ఒకోటోక్స్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి డ్రేక్ ల్యాండింగ్ కాలనీలో 52 ఇళ్ళు. 2007 నుంచి ఆ ఇళ్ళని చలికాలంలో వెచ్చగా ఉంచింది చాలావరకు ఎండాకాలంలో పట్టి భూమిలో దాచిన వేడే. 2024లో ఆ ఏర్పాటుని ఆపేయాలని నిర్ణయించి, ఇళ్ళని మామూలు గ్యాస్ ఫర్నేస్‌లకి మార్చడం మొదలుపెట్టారు. ఇది విన్నవాళ్ళకి ఆలోచనే తప్పని అనిపించడం సహజం. కానీ దీని వెనక ఎనభై ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. అది చూస్తే డ్రేక్ ల్యాండింగ్‌లో భూమి మోసం చేయలేదని తెలుస్తుంది.

చలి దేశాల్లో ఎండ బాగా కాసేది జూన్, జూలైలలో. ఇల్లు వెచ్చబడాల్సింది డిసెంబరు, జనవరిలో. పగటి వేడిని రాత్రికి దాచడం పెద్ద కష్టం కాదు, ఆరు నెలలు దాచడమే కష్టం.

అమెరికాలో ఎంఐటీ ఇంజనీర్ హోయ్ట్ హాటెల్ బృందం 1939లోనే ఈ పని చేసి చూపించింది. కేంబ్రిడ్జ్‌లో ఓ చిన్న కట్టడం, పైకప్పు మీద నీళ్ళు వేడిచేసే పలకలు, కింద సెల్లార్‌లో దాదాపు 65 వేల లీటర్ల ట్యాంకు. ఎండాకాలమంతా కాగిన నీళ్ళతో చలికాలం గడిచింది. అయితే హాటెల్ ఖర్చు లెక్క వేసుకుని పెదవి విరిచారు. అంత ట్యాంకు కట్టే డబ్బుతో పోలిస్తే ఆనాటి ఇంధనం మరీ చౌక. తర్వాత ఎంఐటీ కట్టిన సోలార్ ఇళ్ళలో ఆరు నెలల నిల్వ ఊసే లేదు. 1948లో మరియా టెల్కెస్ నీళ్ళకి బదులు, 32 డిగ్రీల దగ్గర కరుగుతూ వేడిని పట్టి, గడ్డకడుతూ వదిలే గ్లాబర్ లవణాన్ని డ్రమ్ముల్లో నింపి, డోవర్ అనే ఊళ్ళో ఒక ఇల్లు నడిపారు. అది కొద్ది రోజుల నిల్వే. పైగా కరిగిన లవణం పొరలు పొరలుగా విడిపోయి, కొన్ని చలికాలాలకే మొరాయించింది.

ఒంటరి ఇంటికి ఈ పద్ధతి ఎందుకు గిట్టుబాటు కాదో చిన్న లెక్కతో తేలిపోతుంది. వెయ్యి లీటర్ల నీళ్ళు 50 డిగ్రీలు చల్లారితే సుమారు 58 యూనిట్ల (కరెంటు బిల్లులో చూసే యూనిట్లే) వేడి వస్తుంది. చలి దేశంలో ఓ పాతకాలపు ఇంటికి ఏడాదికి 15 వేల యూనిట్లు కావాలనుకుందాం. దానికి 2.6 లక్షల లీటర్లు దాచాలి. హైదరాబాద్ వీధుల్లో తిరిగే 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే యాభైకి పైనే, అదీ మధ్యలో చుక్క వేడి కూడా పోకుంటేనే. అదే ఇంటికి గోడలు మందంగా కట్టి, గాలి దూరే సందులన్నీ మూసేసి, అవసరాన్ని 1,500 యూనిట్లకి దించితే ఐదారు ట్యాంకర్లు చాలు. కానీ అవసరం అంత తగ్గాక ట్యాంకు మాత్రం ఎందుకు? ఓ చిన్న హీటర్ సరిపోతుంది కదా!

సరిగ్గా ఇదే చర్చ 1973 చమురు సంక్షోభం తర్వాత కెనడాలో నడిచింది. సస్కాచువాన్ రాష్ట్రం సోలార్ ఇల్లు కట్టమని అడిగితే, హెరాల్డ్ ఓర్ తదితర ఇంజనీర్లు ముందు వేడి బయటికి పోకుండా చూడాలని పట్టుబట్టారు. 1977లో రెజైనాలో కట్టిన ఆ ఇంటికి ఫర్నేసే లేదు. గోడల్లో అడుగు మందాన ఇన్సులేషన్, బయటికి పోయే గాలి నుంచి వేడిని వెనక్కి లాగే యంత్రం పెట్టారు. సోలార్ పలకలూ 12 వేల లీటర్లకి పైగా పట్టే ట్యాంకూ కూడా ఉన్నాయి. తర్వాత ఆ పలకలూ ట్యాంకూ పోయాయి, మందపాటి గోడలు నిలిచాయి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కట్టించిన తొలి పాసివ్ హౌస్‌కి, అంటే అతి తక్కువ వేడితోనే వెచ్చగా ఉండే ఇంటికి, స్ఫూర్తినిచ్చిన వాటిలో ఈ రెజైనా ఇల్లు ఒకటి. నా దృష్టిలో వేడి నిల్వ కథలో అసలు మలుపు ఇదే. నిల్వకి గట్టి పోటీ గ్యాస్ ఒక్కటే కాదు, మంచి గోడ కూడా.

మరి నిల్వ ఎక్కడ బతికింది? పెద్ద ఎత్తున చేసినచోట. ట్యాంకు పెరిగేకొద్దీ లోపల పట్టే నీళ్ళు పెరిగినంతగా వేడి జారిపోయే పైభాగం పెరగదు. చలిని దాచినప్పుడూ ఇదే సూత్రం. హాటెల్ ట్యాంకు కట్టిన కేంబ్రిడ్జ్‌లోనే ఫ్రెష్ పాండ్ అనే చెరువుంది. 19వ శతాబ్దంలో ఆ చుట్టుపక్కల చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన ఐసుని కోసి, రంపపు పొట్టు కప్పి, ఓడల్లో మన దేశానికి పంపేవారు. మద్రాసులో 1842లో ఐస్‌హౌస్ కట్టింది ఆ ఐసు దాచడానికే. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించినా అందులో కొంత మిగిలిందంటే, రంపపు పొట్టుతో పాటు కుప్ప పెద్దది కావడం వల్లే.

స్వీడన్ 1983లో ఉప్సాలా దగ్గర లిక్కెబోలో బండరాతిని తొలిచి లక్ష ఘనపు మీటర్ల నీళ్ళు పట్టే గుహ చేసింది. తమాషా ఏమిటంటే, అవసరమైన పలకల్లో కొద్ది భాగమే బిగించారు. మిగతా సూర్యుడి పాత్ర ఎలక్ట్రిక్ బాయిలర్ పోషించింది! వేడి కూడా అంచనాల కంటే ఎక్కువే జారిపోయింది. స్విట్జర్లాండ్‌లో యోసెఫ్ యెన్ని ఇంకో దారి తొక్కారు. ఒబర్‌బుర్గ్‌లో 2007లో కట్టిన అపార్ట్‌మెంట్ మధ్యలోనే 2 లక్షల లీటర్లకి పైగా పట్టే ట్యాంకు నిలబెట్టారు. దాన్నుంచి జారే వేడి కూడా ఇళ్ళలోకే పోతుంది.

పని బాగా కుదిరింది డెన్మార్క్‌కి. అక్కడ ఎక్కువ ఇళ్ళకి ఊరుమ్మడి పైపుల్లో వేడినీళ్ళు వస్తాయి, ఆ సంస్థలు చాలాచోట్ల వాడకందార్ల సహకార సంఘాలే. గొయ్యి తవ్వి, ప్లాస్టిక్ షీటు పరిచి, నీళ్ళు నింపి, పైన తేలే మూత వేస్తారు. మార్స్టల్‌లో 2012 నాటికి 75 వేల ఘనపు మీటర్ల గొయ్యి వచ్చింది. 2015లో వోయెన్స్‌లో రెండు లక్షల ఘనపు మీటర్లది కట్టారు. మూతల్లోకి తేమ చేరడం లాంటి తలనొప్పులు లేకపోలేదు. కానీ పైపులు ముందే ఉన్నాయి, బాగుచేసుకోవడానికి మనుషులూ సంస్థా ఉన్నాయి.

డ్రేక్ ల్యాండింగ్‌కి లేనిది అదే. అక్కడ గ్యారేజీల పైకప్పుల మీద సుమారు 800 పలకలు పెట్టి, దాదాపు 35 మీటర్ల లోతున 144 బోర్లు వేసి భూమిని వేడి చేశారు. భూమి పూర్తిగా వేడెక్కడానికే కొన్నేళ్ళు పట్టింది. 2012 నాటికి ఇళ్ళ వేడిలో 97 శాతం ఎండదే, 2015-16 చలికాలంలో నూటికి నూరు శాతం. అంటే ఆలోచన గెలిచింది. పాతబడింది భూమి పైన ఉన్న సరంజామా. దానికి విడిభాగాలు దొరకడం గగనమైంది, బాగుచేయడం తెలిసినవాళ్ళూ కరువయ్యారు. 52 ఇళ్ళ కోసం ఎవరు స్పేర్ పార్టులు తయారుచేస్తారు? పక్కనే గ్యాస్ లైను ఉండనే ఉంది.

ఈమధ్య హీట్ పంపుల (కొద్దిపాటి వేడిని కరెంటుతో పైకి లాగి పెంచే యంత్రాల) రాకతో లెక్క మళ్ళీ మారుతోంది. గోరువెచ్చని నీటి నుంచి కూడా ఇంటికి సరిపడా వేడి లాగొచ్చు కాబట్టి, 80 డిగ్రీల దాకా కాచి దాచాల్సిన పని తగ్గింది. నెదర్లాండ్స్‌లో వేలాది భవనాలు భూగర్భ జలాల్లోనే ఎండాకాలం వేడినీ చలికాలం చలినీ దాచి ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఫిన్లాండ్‌లోని వాంటాలో పది లక్షల ఘనపు మీటర్లు దాటే గుహలు తలపెట్టారు. వాటిలో నింపాలనుకున్నది ఎక్కువగా వృథాగా పోయే వేడి, చౌకగా దొరికినప్పటి కరెంటు. ఎండ వాటా అందులో స్వల్పమే.